గ్రూపులో మునిగిపోయిన నోటీసు

పోయిన సెమిస్టర్‌లో ఒక స్కాలర్‌షిప్ చివరి తేదీ అయిపోయిన రెండు రోజులకు నాకు తెలిసింది. నోటీసు వెబ్‌సైట్‌లో వారం ముందే పెట్టారు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు కూడా వేశారు. కాకపోతే దాని మీద బర్త్‌డే విషెస్, మీమ్స్ కలిపి నూటయాభై మెసేజ్‌లు పడ్డాయి. అప్పుడు నేను సెలవులకి మర్పల్లిలో ఉన్నాను. నాన్న తిట్టలేదు. "మా చిన్నప్పుడు డప్పు కొట్టి చాటింపు వేసేటోళ్లు బిడ్డా, తెల్వదు అనేటోడు ఊర్ల ఉండకపోయేది" అన్నాడు, అంతే.

ఆ డప్పు లాంటిది వెబ్‌లో ఎప్పటినుంచో ఉంది. పేరు ఆర్‌ఎస్‌ఎస్. (ఈ మాట అనగానే మా రూమ్మేట్ "పొద్దున్నే శాఖకి రావాలా?" అన్నాడు. ఆ ఆర్‌ఎస్‌ఎస్ కాదు.) 1999లో నెట్‌స్కేప్‌లో పుట్టింది. మొదటి వెర్షన్ తయారుచేసిన వాళ్ళలో ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహ ఉన్నారు. చాలా సింపుల్ విషయం: వెబ్‌సైట్ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంచుతుంది, అందులో కొత్తగా వచ్చినవాటి శీర్షిక, లింకు, తేదీ ఉంటాయి. మన ఫోన్‌లోని రీడర్ యాప్ అప్పుడప్పుడూ వెళ్ళి "కొత్తదేమైనా ఉందా?" అని అడుగుతుంది. లేకపోతే సర్వర్ 304 అని చెప్పి పంపించేస్తుంది. అంటే డప్పు మన వీధిలోకి రాదు, మనమే మనిషిని పంపి కనుక్కుంటున్నాం. నాన్న పోలిక సగమే కుదిరింది. కానీ ఆ మనిషి విసుక్కోడు, మన ఫోన్ నంబర్ ఎవరికీ ఇవ్వడు.

తెలుగువాళ్ళకి ఇది కొత్తేం కాదు. బ్లాగుల రోజుల్లో వీవెన్ గారి 'కూడలి' తెలుగు బ్లాగుల ఫీడ్లన్నీ ఒకేచోట చూపించేది. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది, అప్పటినుంచి ఆర్‌ఎస్‌ఎస్ చచ్చిపోయిందని అందరూ అంటారు. పాడ్‌కాస్టులు ఇప్పటికీ నడిచేది దీని మీదే. యూట్యూబ్ చానెళ్ళకీ ఫీడ్ ఉంది. తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీ చరిత్రకీ ఉంది. మా మర్పల్లి పేజీది నా రీడర్‌లో పెట్టుకున్నా, ఎవరు కామా మార్చినా తెలుస్తుంది. నెలల తరబడి ఏమీ రాదు, అది వేరే సంగతి.

టెలిగ్రామ్ చానెల్ చాలదా అంటారు మా ఫ్రెండ్స్. చాలదు. దాన్ని నడిపేవాడు మానేస్తే అయిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ అయితే నేను ఏది చూస్తూ కూర్చుంటానో లెక్కేసి అదే ముందు పెడుతుంది. స్కాలర్‌షిప్ నోటీసుకి లైకులెవరు కొడతారు? నాకు కావాల్సింది ఉత్త తేదీ వరుస. కాలేజీ వెబ్‌సైట్లు ఫీడ్ ఇవ్వాలని నేను గట్టిగా అంటున్నా. వర్డ్‌ప్రెస్ మీద ఉన్నవాటికి మామూలుగా అది ఉండనే ఉంటుంది, అడ్రస్ చివర ఫీడ్ అని కొడితే చాలు. దాని సంగతి ఎవరూ చెప్పరు, అంతే.

మరి మన పత్రిక? పీడీఎఫ్ చేసి గ్రూపులో లింకు పడేస్తున్నాం. అది కూడా బర్త్‌డే విషెస్ కిందికే పోతోంది. పోయిన వారం పైథాన్‌లో యాభై లైన్ల స్క్రిప్ట్ రాసి మన సంచికలకి ఫీడ్ తయారుచేశాను. "ఎవరు చూస్తారు రా" అన్నారు క్లబ్‌లో. ఎంతమంది చూస్తున్నారో నాకూ సరిగ్గా తెలిసే దారి లేదు, ఫీడ్ పద్ధతే అంత. అడ్రస్ క్లబ్ రూమ్ తలుపు మీద అంటించాను. గ్రూపులో మాత్రం పెట్టలేదు.