ముట్టుకోనివ్వని తోట

మియాపూర్ దగ్గర మా అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ వారు పిల్లల కోసం "సెన్సరీ గార్డెన్" వేయిస్తామంటే సంబరపడ్డ వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కళ్ళతో చూడ్డమే కాకుండా ముట్టుకుని, వాసన చూసి, విని ఆడుకునే తోటన్న మాట. మొన్న డిజైనర్ పంపిన పీడీఎఫ్ తెరిచాక ఆ సంబరం కాస్తా దిగిపోయింది. ప్లాస్టిక్ గడ్డి, రంగుల లైట్ల ఫౌంటెను, గాలికి మోగే గంటలు, చుట్టూ గన్నేరు మొక్కలు. మధ్యలో యథావిధిగా "మొక్కలను ముట్టుకోరాదు" అని బోర్డు. మొత్తం రీడ్ ఓన్లీ!

గన్నేరే ఎందుకయ్యా అంటే, నీళ్ళు పెద్దగా అక్కర్లేదట, పశువులు తినవట. ఎందుకు తినవో ఎవరూ ఆలోచించలేదు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. నేరుగా గుండె మీద పనిచేస్తుంది. హైవే డివైడర్ మీద ఉంటే ఉండనీ, ప్రతిదీ నోట్లో పెట్టుకునే పిల్లల దగ్గరా? ఇక ప్లాస్టిక్ గడ్డి సంగతంటారా, ఏప్రిల్ మధ్యాహ్నం వట్టి కాళ్ళతో ఓ నాలుగడుగులు వేసి చూడండి.

రిక్వైర్‌మెంట్స్ అడక్కుండా కోడ్ రాసేవాళ్ళని ఆఫీసులో తిట్టుకుంటాం కదా, ఇక్కడ జరిగిందీ అదే. అసలీ తోట ఆలోచన మొదలైందే మా పై ఫ్లోర్‌లో ఉండే ఏడేళ్ళ బాబు వల్ల. వాడికి ఆటిజం. కుక్కర్ విజిల్‌కే చెవులు మూసుకుంటాడు. వాణ్ణి తీసుకెళ్ళి గంటల కింద కూచోబెడతారా? వాళ్ళమ్మని అడిగితే, "వస్తువులేం వద్దన్నయ్య గారూ. గోల ఎక్కువైతే వెళ్ళి కూచోడానికి ఓ మూల, గేటుకి వాడికందని గడియ ఉంటే చాలు" అంది. రెండూ పీడీఎఫ్‌లో లేవు.

నన్నడిగితే మరువం, దవనం, నిమ్మగడ్డి, వామాకు చాలు. నలిపితేనే వాసనొచ్చే మొక్కలివి, కాబట్టి నలపనివ్వాలి. వామాకైతే తుంచిన కొమ్మనే మట్టిలో గుచ్చితే మళ్ళీ వస్తుంది. మడి రెండడుగుల ఎత్తున కడితే చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకీ అందుతుంది. ఓ కుండీలో అత్తిపత్తి (ముళ్ళుంటాయి, పెద్దవాళ్ళు పక్కనుండాలి). నీళ్ళలో వేస్తే టప్పున పేలే కాయలు గుర్తున్నాయా, చిన్నప్పుడు జేబుల నిండా వేసుకునేవాళ్ళం? ఆ మొక్క ఖాళీ ప్లాట్లలో ఊరికే దొరుకుతుంది.

ఇదంతా మెయిల్ రాస్తే సెక్రటరీ గారి జవాబు ఒక్కటే లైను: "పిల్లలు పీకేస్తే ఎవరు భరిస్తారండీ?"

ఆదివారం మీటింగు. ఫౌంటెను పోతే పోనీ అనుకుంటాను గానీ, గన్నేరు మాత్రం వదిలేది లేదు.