ఫరాగో అంటే పశుల దాణా తమ్మీ!

2017 మే నెలల శశి థరూర్ ట్విట్టర్ల ‘ఫరాగో’ అనే మాట వాడిండు. అందరూ డిక్షనరీల మీద పడ్డరు. ఇయ్యాల ఇంగ్లిష్‌ల దాని అర్థం కలగాపులగం. కాని లాటిన్ల దాని అసలు అర్థం పశువులకు గింజలు కలిపి పెట్టే దాణా. గంత భయపెట్టిన మాట పుట్టింది కొట్టంలనే!

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, రోజుకు పది పెద్ద పదాలంటూ రీల్స్, పీడీఎఫ్‌లు. మన పోరగాండ్లు వాటిని బట్టీ పట్టేది మోజుతోని కాదు, నౌకరీ కోసం. ఎస్సెస్సీ సీజీఎల్ లెక్క సూడుండ్రి. టైర్-1ల 200 మార్కులకు 50 ఇంగ్లిష్‌వే. టైర్-2 పేపర్-1ల 390కి 135. ఒక్క ప్రశ్నకు 3 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. ఎంటీఎస్, జీడీ కానిస్టేబుల్ పరీక్షలు తెలుగుల రాసే వీలొచ్చింది గాని, సీజీఎల్ పేపరు మాత్రం హిందీ, ఇంగ్లిష్‌లనే. హిందీ పోరడు కనీసం లెక్కలన్న తల్లిభాషల సదువుకుంటడు. మనోనికి అదీ లేదు. అదే మన గ్రూప్-1 మెయిన్స్‌ల ఇంగ్లిష్ పదో తరగతి స్థాయి, పాసైతే చాలు, ర్యాంకుల కలపరు.

రాజును చంపుడును ఏమంటరో తెల్వకపోతే పన్నుల ఆఫీసుల ఫైలు ఆగుతదా? ఆగదు. ఇది పనికొచ్చే ఇంగ్లిష్ కాదు, జనాన్ని వడగట్టే జల్లెడ. అట్లని జల్లెడ దాటకుంట నౌకరీ రాదు కదా.

దాటాలంటే బట్టీ కన్న మూలం పట్టుకునుడు నయం. పెస్టిసైడ్, ఫంగిసైడ్ డబ్బాలు మనింట్లనే ఉంటయి. ‘సైడ్’ అంటే చంపేది. హోమిసైడ్ మనిషిని చంపుడు, రెజిసైడ్ రాజును, ఫ్రాట్రిసైడ్ తోడబుట్టినోన్ని. హార్టికల్చర్, సెరికల్చర్ మాటలు ఎవుసం ఆఫీసుల విన్నయే. అదే తీరుగ ఎపికల్చర్ తేనెటీగల పెంపకం, పిసికల్చర్ చేపలది. పందికొక్కే ఇంగ్లిష్‌లకు పోయి బ్యాండికూట్ అయింది. గింత దగ్గరి సుట్టానికి భయపడుడెందుకు?

నాకు అసలు రంది వేరే ఉన్నది. ఫరాగో అర్థం చెప్పే పోరడు నాయిన బ్యాంకు కాయితం మీద ‘లియన్’ అని ఉంటే గుడ్లప్పగిస్తడు. అప్పు తీరేదాక సొత్తు మీద బ్యాంకుకుండే పట్టు అది. భూమి కొంటే తీసే ఈసీల ‘ఎన్‌కంబ్రెన్స్’ అంటే ఆ భూమి మీదున్న తాకట్టులసొంటి బరువు. గివి ఏ రీల్ల రావు.

నీ బండి ఆర్సీ తీసి సూడు. లోన్ బండైతే ‘హైపోథికేషన్’ అని బ్యాంకు పేరుంటది. బండి నీ కాడనే, హక్కు వాళ్లకు. కిస్తులు అయిపోయినంత మాత్రాన ఆ పేరు దానంతట అదే పోదు. బ్యాంకు కాడ ఎన్‌వోసీ, ఫారం 35 తీస్కోని ఆర్టీఏ ఆఫీసుకు పోవాలె. లేకుంటే అమ్మేనాడు బేరం ఆడనే ఆగుతది.