కట్టేస్తే పోయే కేసు కాదది

వర్జీనియాలో ఇంటర్‌స్టేట్ 95 మీదో 81 మీదో స్పీడుగా పోతూ దొరికిన మన కుర్రాడు ముందు ఫోన్ చేసేది, తనకన్నా నాలుగేళ్లు ముందు అమెరికా వచ్చిన అన్నకు. "ఏం కాదు తమ్ముడూ, టికెట్టే కదా, ఆన్‌లైన్‌లో కట్టేయ్. మనది న్యూజెర్సీ లైసెన్సు, వాళ్ల పాయింట్లు మనకు రావు. నాకూ పడింది, ఏమైంది?" ఎడిసన్‌లో అయినా షార్లెట్‌లో అయినా ఇదే సలహా, ఇదే ధీమా. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. కానీ అది అడుగడుగునా తప్పు. దాన్ని నమ్మి నష్టపోతున్నది ఎక్కువగా కొత్తగా వచ్చినవాళ్లు, చదువుకుంటున్న పిల్లలు. అందుకే దీన్ని మొహమాటం లేకుండా ఖండించాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. వర్జీనియా చట్టంలోని 46.2-862 సెక్షను ప్రకారం, బోర్డు మీద ఉన్న పరిమితి కన్నా గంటకు 20 మైళ్లు గానీ అంతకు మించి గానీ ఎక్కువ పోతే అది రెక్‌లెస్ డ్రైవింగ్. పరిమితి ఎంతైనా సరే, 85 మైళ్లు దాటితే కూడా రెక్‌లెసే. 2020 జూలై దాకా ఆ హద్దు 80గానే ఉండేది. ఆ రాష్ట్రంలో ఎక్కడా 70కి మించిన పరిమితి లేదు. కాబట్టి 70 ఉన్న చోట 86లో పోయినవాడు, "పదహారు మైళ్లే కదా ఎక్కువ" అనుకుంటూ ఉండగానే నేరం కిందికి వచ్చేస్తాడు. అవును, నేరమే. క్లాస్ 1 మిస్‌డిమీనర్. 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు ఆ రాష్ట్రంలో బండి నడపకుండా నిషేధం విధించవచ్చు. మొదటిసారి తాగి నడిపి దొరికినవాడి మీద, చిల్లర దొంగతనం చేసినవాడి మీద పెట్టేదీ ఇదే తరగతి కేసు. వర్జీనియా వాహన శాఖ (డీఎంవీ) రికార్డులో ఆరు డీమెరిట్ పాయింట్లు పడతాయి, శిక్ష వివరం 11 ఏళ్లు ఉంటుంది.

జైలు మాట కాగితానికే పరిమితం అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. వాషింగ్టన్ నేషనల్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు జేసన్ వెర్త్ 2014లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 55 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 105లో పోతూ దొరికాడు. జడ్జి 10 రోజుల జైలు విధించారు. పేరు, డబ్బు, పెద్ద లాయర్లు అన్నీ ఉన్నవాడికే ఆ తీర్పు వచ్చింది. అందరికీ జైలు పడుతుందని నేను చెప్పడం లేదు. 86, 88 దగ్గర దొరికి మంచి రికార్డు ఉన్నవాళ్లలో చాలామంది జైలు దాకా వెళ్లరు. వేగం 90లు దాటే కొద్దీ జడ్జి ముఖం మారుతుంది.

ఇక ఆ "ఆన్‌లైన్‌లో కట్టేయ్" సంగతి. మామూలు స్పీడింగ్‌కు ముందే డబ్బు కట్టేసి కోర్టుకు వెళ్లకుండా ఉండవచ్చు. రెక్‌లెస్‌కు ఆ వెసులుబాటు లేదు. ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) చేతికిచ్చిన సమన్ల మీద కోర్టు పేరు, తేదీ, సమయం ఉంటాయి. ఆ రోజు జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో మీరైనా ఉండాలి, జడ్జి ఒప్పుకుంటే మీ తరఫున లాయరైనా ఉండాలి. మరి "నేను కట్టేశాను, ఏం కాలేదు" అని చెప్పే అన్న ఏం కట్టినట్టు? ఆయనది బహుశా మామూలు స్పీడింగ్ కేసై ఉంటుంది. కాకపోతే జరిగింది ఇది: ఆయన కోర్టుకు రాలేదు. మిస్‌డిమీనర్ కేసును ముద్దాయి లేకుండానే విచారించడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ట్రూపర్ సాక్ష్యం చెప్పాడు, ఎదురు ప్రశ్న అడిగే మనిషి లేడు, జడ్జి దోషి అన్నారు, జరిమానా చీటీ పోస్టులో ఇంటికొచ్చింది. ఆయన దాన్ని కట్టి చేతులు దులుపుకున్నాడు. నేరం రుజువైందన్న సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు. పై కోర్టుకు అప్పీలు చేసుకుంటే కేసును మొదటి నుంచి మళ్లీ విచారిస్తారు. కానీ దానికి గడువు తీర్పు నాటి నుంచి 10 రోజులే. చీటీ చేతికందే సరికి అది దాటిపోతుంది. 60 రోజుల్లోపు కేసు తిరిగి తెరవమని అదే కోర్టును అడగవచ్చు, ఒప్పుకోవాలో లేదో జడ్జి ఇష్టం. వేగం మరీ ఎక్కువైతే కొందరు జడ్జీలు విచారణ పక్కన పెట్టి అరెస్టు వారంటే ఇస్తారు.

"పాయింట్లు మనకు రావు" అన్నదాంట్లో సగం నిజం ఉంది, అందుకే అది అంత బలంగా పాకింది. ఇతర రాష్ట్రాల్లో పడ్డ చాలా ట్రాఫిక్ శిక్షలకు న్యూజెర్సీ 2 పాయింట్లే వేస్తుంది. న్యూయార్క్ అయితే మిగతా అమెరికా రాష్ట్రాల శిక్షలకు పాయింట్లు వేయదు. కానీ పాయింట్లు ఒక రాష్ట్రపు లైసెన్సు లెక్క మాత్రమే. చాలా రాష్ట్రాలు డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందంలో ఉన్నాయి. బయటివాడికి పడ్డ శిక్షను అతని సొంత రాష్ట్రానికి తెలియజేయడమే దాని పని. ఇన్సూరెన్సు కంపెనీ చూసేది శిక్షను. ఉద్యోగ దరఖాస్తులో "మీ మీద ఏదైనా నేరం రుజువైందా?" అని అడిగేది పాయింట్ల గురించి కాదు. 2 పాయింట్లే పడ్డాయని సంతోషించినవాడు కూడా అక్కడ "అవును" అని రాయాల్సిందే.

మరో వాదన ఉంది: వర్జీనియావాళ్లు బయటి నంబర్ ప్లేట్లు చూసి వల వేస్తారని, దాన్ని పట్టించుకోనక్కర్లేదని. కొన్ని చోట్ల డబ్బు కోసమే పహరా కాస్తారన్న విమర్శలో పస ఉంది. హోప్‌వెల్ పట్టణ పరిధిలో ఇంటర్‌స్టేట్ 295 రెండు మైళ్లు కూడా ఉండదు. అక్కడ షరీఫ్ మనుషులు రాసిన టికెట్ల వల్ల ఆ ముక్కకు "మిలియన్ డాలర్ మైల్" అన్న పేరొచ్చింది. అయితే ఆ రాష్ట్రం తన సొంత మనుషులతో ఎలా ఉందో కూడా చూడాలి. 2007 జూలైలో వర్జీనియా ఒక అదనపు రుసుము తెచ్చింది. రెక్‌లెస్ శిక్ష పడ్డవాళ్లు జరిమానాకు తోడు మూడేళ్లలో 1,050 డాలర్లు కట్టాలి. అది వర్జీనియా నివాసులకు మాత్రమే, బయటివాళ్లకు లేదు. జనం తిరగబడితే 2008లో రద్దు చేశారు. చట్టం అన్యాయమనిపిస్తే శాసనసభ్యుణ్ణి అడగండి, పత్రికకు రాయండి. కోర్టు తేదీకి మాత్రం వెళ్లండి.

వీసా మీద ఉన్నవాళ్లకు రెండు వైపుల నుంచీ తప్పుడు మాటలే వినిపిస్తాయి. ఏమీ కాదనేవాళ్లు ఒక పక్క, దేశం నుంచి పంపించేస్తారని భయపెట్టేవాళ్లు ఇంకో పక్క. మందూ మత్తూ లేని, ఎవరికీ దెబ్బ తగలని ఒక్క రెక్‌లెస్ కేసు వల్ల మామూలుగా డిపోర్టేషన్ రాదు. కానీ వీసా దరఖాస్తు డీఎస్-160లో అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. పౌరసత్వానికి నింపే ఎన్-400లో పోలీసులు ఎప్పుడైనా సైటేషన్ ఇచ్చారా అని కూడా అడుగుతారు. "టికెట్టే కదా" అని "లేదు" మీద టిక్కు పెట్టినవాడు ఇంటర్వ్యూలో చిక్కుకుంటాడు. రెక్‌లెస్ కేసును వివరించుకోవచ్చు, కోర్టు కాగితం చూపించవచ్చు. తెలిసి చెప్పిన అబద్ధాన్ని వివరించుకోవడానికి ఏముంటుంది? ఆ అబద్ధమే వీసా నిరాకరణకు విడిగా ఒక కారణం కాగలదు. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ప్రభుత్వం విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార డేటాబేస్‌లో వెతికి, వేల మంది సెవిస్ రికార్డులు (విద్యార్థి హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేసింది. వాళ్లలో కొందరి మీద ఉన్నవి చిన్న ట్రాఫిక్ కేసులే, కొట్టేసిన కేసులు కూడా. న్యాయస్థానాలు అడ్డుకున్నాక ఆ నెలాఖరుకు పునరుద్ధరించారు. ఆ మూడు వారాలు ఆ పిల్లలు, ఇంటి దగ్గర వాళ్ల అమ్మానాన్నలు ఎలా గడిపి ఉంటారో ఊహించండి. అలాంటి రోజుల్లో పిల్లవాడికి "పట్టించుకోకు" అని చెప్పడం సాయం చేయడం కాదు.

మరి ఏం చేయాలి? కేసు నమోదైన కొద్ది రోజులకే మీ మెయిల్‌బాక్సు లాయర్ల ఉత్తరాలతో నిండుతుంది. కోర్టు రికార్డులు బహిరంగం కాబట్టి వాళ్లకు మీ పేరు తెలుస్తుంది. అవి మోసపు ఉత్తరాలని చాలామంది చించేస్తారు. చించకండి. ఆ కౌంటీ కోర్టులో రోజూ నిలబడే లాయర్ ఎవరో వాటిలోనే దొరకవచ్చు. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, ఫీజు మొత్తం ఒకేసారి ఎంతో అడగండి. వీసా సంగతి మొదటి మాటగా చెప్పండి. పాడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపే ప్రమాదం ఉందో లేదో పౌరసత్వం లేని కక్షిదారుకు చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయర్‌దేనని తేల్చింది. కాబట్టి అడగడం మీ హక్కు.

కోర్టు రోజు ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. చాలా కోర్టుల్లో ఫోన్ లోపలికి రానివ్వరు, కారులోనే పెట్టి వెళ్లాలి. హాలు గుమ్మం పక్కన ఆ రోజు కేసుల జాబితా అంటించి ఉంటుంది, మీ పేరు వెతుక్కోవాలి. పేరు పిలిచాక ట్రూపర్ ఎక్కడ చూశాడో, రాడార్‌తో కొలిచాడో వెనకే వచ్చి కొలిచాడో చెబుతాడు. ఆ పరికరాన్ని సరిచూసిన పత్రం ఉందా అని మీ లాయర్ అడుగుతాడు. మీ స్పీడోమీటర్ తప్పు చూపిస్తోందని పరీక్ష చేయించి పత్రం తెస్తే జడ్జి దాన్ని చూడవచ్చు. సొంత రాష్ట్రం నుంచి తెచ్చుకున్న డ్రైవింగ్ రికార్డు, డ్రైవింగ్ కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ పనికొస్తాయి. ఇవన్నీ చూసి జడ్జి కేసును మామూలు స్పీడింగ్‌గానో, ఇంప్రాపర్ డ్రైవింగ్‌గానో తగ్గించే అవకాశం ఉంది. ఇంప్రాపర్ డ్రైవింగ్ నేరం కాదు, 500 డాలర్లకు మించని జరిమానాతో పోతుంది. ఇంట్లో కూర్చుని కార్డు నంబరు కొట్టేవాడికి ఈ దారి ఉండదు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలో ఒకరి మీద కేసు పడితే, క్రిమినల్ కేసు కాబట్టి దుబాసీ ఖర్చు రాష్ట్రమే భరిస్తుంది. తెలుగువాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఈ ధీమా అమెరికాలో పుట్టింది కాదని నా నమ్మకం. చలానాలు పోగుబడితే ప్రభుత్వమే తగ్గించి వసూలు చేస్తుందని మనకు అలవాటైంది. 2022లోనూ, 2023 డిసెంబరులోనూ తెలంగాణలో పెండింగ్ చలానాలకు రాయితీలిచ్చారు. ద్విచక్ర వాహనాలకు రెండోసారి 80 శాతం దాకా మాఫీ. తప్పుకు ధర ఉంటుంది, ఆగితే ఆ ధర తగ్గుతుంది అన్న పాఠం అది. ఆ పాఠం నేర్చుకున్నవాడు రిచ్‌మండ్ దగ్గర సమన్లు అందుకున్నప్పుడు తనకు తెలిసిందే చేస్తాడు.

లాయర్ గురించి ఇంత చెప్పి వేగం గురించి చెప్పకపోతే నేనూ ఆ అన్న లాంటివాణ్ణే అవుతాను. 85 మైళ్లంటే గంటకు 137 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి 120. 65లో పోయే కారుతో పోలిస్తే 85లో పోయే కారు ఢీకొట్టే శక్తి దాదాపు 1.7 రెట్లు. రాత్రంతా డ్రైవ్ చేసి తెల్లారేసరికి షార్లెట్ చేరాలనుకునే నలుగురు పిల్లలు, ముందు సీట్లో కునుకు తీస్తున్న స్నేహితుడు, సెల్‌ఫోన్‌లో దారి చూసుకుంటున్న డ్రైవరు: ఆ కారును ట్రూపర్ ఆపడం వల్ల ఒక ప్రాణం నిలిచి ఉండవచ్చు. శవాన్ని ఊరికి పంపడానికి చందాలు అడిగే పోస్టులు మనం ఎన్ని చూడలేదు!

సీనియర్లకు ఒక విన్నపం. తమ్ముడో చెల్లెలో ఫోన్ చేసి "వర్జీనియాలో రెక్‌లెస్ రాశారు" అంటే, మీ కథ చెప్పకండి. సమన్ల ఫొటో పంపమనండి. సెక్షను నంబరు, కోర్టు తేదీ చదవండి. ఆ కౌంటీలో లాయర్‌ను వెతకడానికి సాయం చేయండి. విచారణ రోజు వీలైతే తోడు వెళ్లండి. తెలియకపోతే తెలియదని చెప్పండి, "కట్టేయ్" అని మాత్రం అనకండి.