మన వేపచెట్టుకు హిమాలయపు చుట్టం



దసరా సెలవులు ముగిసే రోజులలో ఉప్పల్, నాచారం వీధులలో ఏ వేపచెట్టు కిందనైనా ఒక్క నిమిషం నిలబడి చెవి ఒగ్గండి. “చిస్‌లీ, చిస్‌లీ” అని సన్నని పిలుపు వినిపించవచ్చు. పిట్ట మాత్రం ఒక పట్టాన కనిపించదు. ఆకు రంగే దాని రంగు. కంటిపైన కనుబొమ్మవలె తెల్లని గీత, రెక్కమీద మరొక సన్న గీత ఉంటాయి. ఇంగ్లీషువారు దీనికి గ్రీనిష్ వార్బ్లర్ అని పేరు పెట్టారు. బరువు సుమారు 8 గ్రాములు. అంటే పది రూపాయల నాణెమంత!

ఇంత చిన్న పిట్ట ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? హిమాలయాల అడవులనుంచి, వాటికి ఆవల మధ్య ఆసియా, సైబీరియా అడవులనుంచి. మనకు దగ్గరి హిమాలయమే సుమారు 1,400 కిలోమీటర్లు గదా! వేసవిలో అక్కడ నాచుతో గూడు అల్లి పిల్లలను పెంచుతుంది. దీని ఆహారం పురుగులు. చలికాలంలో అక్కడ అవి దొరకవు. అందుచేత ఆకలే దీనిని దక్షిణానికి తరుముతుంది.

మరి దారి చూపేదెవరు? రాత్రివేళ ప్రయాణించే చిన్న పిట్టలు చాలావరకు నక్షత్రాలను, భూమి అయస్కాంత శక్తిని ఆనవాలు పట్టి సాగుతాయి. 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పల్ రోడ్డులోనే ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఆ శక్తిని పరికరాలతో కొలుస్తారు. పిట్టకు ఏ పరికరమూ అక్కరలేదు!

ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పిట్ట శీతకాలపు జీవితాన్ని పరిశీలించి 1981లో ప్రకటించాడు. ఇక్కడ ఇది గుంపుగా ఉండదు. ఒక్కొక్కటి కొన్ని చెట్లను తనవిగా చేసుకొని, మరొకటి వస్తే తరిమివేస్తుంది. ఆ “చిస్‌లీ” పాట కాదు; “ఇది నా చోటు” అనే హెచ్చరిక!

ఇప్పుడు లెక్క వేయండి. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి ఏప్రిల్ దాకా ఉంటుంది. ఏడాదిలో సగానికి పైగా మన దగ్గరే! పుట్టిల్లు హిమాలయమైనా, కాపురం మన చెట్టుమీదనే. మనం ఒక చెట్టు కొట్టివేస్తే దాని అన్నపు పళ్లెం లాగివేసినట్టే. పక్క చెట్టుకు పోదామంటే అక్కడ మరొక పిట్ట కాపలా ఉన్నది.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి: చెట్టు కొమ్మలు నరకవలసివస్తే మే నెల దాకా ఆగండి. పేనుబంకకు మందు చల్లేముందు ఈ పిట్టకు నాలుగు రోజులు గడువివ్వండి; అది తినేది అదే.

బాలలూ, మీరు దానిని మొదట చూచిన తేదీ, కడపట చూచిన తేదీ నోటుబుక్కులో వ్రాసుకోండి. వచ్చే ఏడు సరిచూడండి. చుట్టం వేళ తప్పిందో లేదో మీకే తెలుస్తుంది.