మానేసిన వాళ్ల లెక్క

పోయిన నెల మన గోడపత్రికలో ముగ్గురు క్రికెట్ ఆటగాళ్ల గురించి రాశారు. ముగ్గురూ మగవాళ్లే. అందుకని నేను ఒక ఆడ కోచ్ గురించి రాస్తున్నాను.

ఆమె పేరు పాట్ సమిట్. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం, రైతు కూతురు. వాళ్లకు పడే హైస్కూల్లో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ జట్టు లేదని, ఆమె కోసం ఇంట్లోవాళ్లు ఊరే మారారట. (మా నాన్న నన్ను ఇక్కడ చేర్చడానికి మూడు రోజులు కూలి మానుకుని వచ్చాడు. అదేం తక్కువ కాదు.) 1974లో, 22 ఏళ్లకే, టెన్నెసీ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి ఆమె కోచ్ అయింది. నెలకి 250 డాలర్లు. జట్టు బట్టలు తనే ఉతికేది, వ్యాను తనే నడిపేది. మొదటి ఆట ఒక్క పాయింటుతో పోయింది.

38 సీజన్లు చేసి 2012లో దిగిపోయేసరికి గెలిచినవి 1098, ఓడినవి 208. అక్కడి పెద్ద కాలేజీల్లో అప్పటికి అన్ని ఆటలు గెలిపించిన కోచ్ మగవాళ్లలో కూడా లేరు. జాతీయ చాంపియన్ 8 సార్లు. మొదటిసారి అయింది 1987లో, అంటే 13వ సీజనులో. మనం రెండుసార్లు ఓడితే ఖోఖో జట్టే తీసేద్దాం అంటాం! 1997లో 10 ఆటలు ఓడిపోయి కూడా చాంపియన్ అయ్యారు. తర్వాతి ఏడు 39కి 39 గెలిచారు. అందరూ ఆ 39 గురించి చెప్తారు గానీ నాకు 10 ఓడిన ఏడే ఇష్టం.

ఆమె 2016లో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుతో చనిపోయారు. 2020లో తారా వాన్‌డర్వీర్ అనే ఇంకో ఆడ కోచ్ ఆ 1098ని దాటింది. కానీ పాట్ గారి ఇంకో రికార్డుని దాటడం ఎవరివల్లా కాదు. ఆమె దగ్గర చివరిదాకా ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. నూటికి నూరు. క్లాసులో ముందు మూడు వరసల్లోనే కూచోవాలి. క్లాసు ఎగ్గొడితే తర్వాతి ఆట లేదు.

ఇది చదివి నాకు చాలా సంతోషం వేసింది. తర్వాత ఒక అనుమానం వచ్చింది. "చివరిదాకా ఆడిన" అన్నారు కదా, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఆ నూరులో లేరు.

మన వరండా బోర్డు మీద కూడా పదో తరగతి నూటికి నూరు అని రాసుంది. అది పరీక్ష రాసినవాళ్ల లెక్క. ఆరో తరగతిలో మేం 40 మందిమి చేరాం. ఇప్పుడు 31. నా పెట్టె పక్కన పెట్టె పెట్టుకునే అమ్మాయి కొత్తల పండక్కి ఇంటికి పోయి మళ్లీ రాలేదు. లెక్కల్లో నాకంటే ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చేవి. పెళ్లి చేశారని సంతలో ఎవరో చెప్పారు. ఆమె పేరు బోర్డు మీద ఏ గడిలోనూ లేదు.

కోచ్ రికార్డులో గెలిచినవి, ఓడినవి పక్కపక్కనే రాస్తారు. 208 ఓడారని రాసినందుకు పాట్ గారిని ఎవరూ తక్కువ చెయ్యలేదు. మేడమ్ గారూ, తప్పయితే క్షమించండి. మన బోర్డులో పాసయినవాళ్ల గడి పక్కన ఇంకో గడి గీయించండి. చేరినవాళ్లు ఎందరు, మానేసినవాళ్లు ఎందరు, ఏ ఊరివాళ్లు అని. సుద్దముక్క నేనే తెస్తాను. సెలవుల్లో ఆ ఊళ్లమీదుగా పోయే అమ్మాయిలం ఉన్నాం, ఇళ్లకి వెళ్లి అడుగుతాం. మా తరగతి 9 పేర్లూ నాకు నోటికి వచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని