చెన్నపురి యద్దెయిండ్లు

చెన్నపురిలో నిల్లు గావలెనన్నచో పదినెలల యద్దె ముందుగా చెల్లింపవలెననుట చిరకాలపు టాచారము. 1960 నాటి శాసనము నెల యద్దెకు మించి యడ్వాన్సు పుచ్చుకొనరాదన్నను, దానిని పాటించిన యజమాను లెందరో పాఠకులే యెరుగుదురు. వారిలో నిండ్లుగలవారును లేకపోలేదు. దానికి మారుగా 2017 లో చేయబడి, 2019 ఫిబ్రవరి 22 వ తేదీనుండి యమలులోనికి వచ్చిన శాసనము మూడునెలల పరిమితి నేర్పరచినది. సంతోషమే. కాని, వేరు ఒడంబడిక యున్న నీ నియమము వర్తింపదని యా సెక్షను మొదటనే చేర్చిరి! ఇల్లు దొరకక తిరుగువాడు చేయు నొడంబడిక యెట్టిదో న్యాయవాదులకు మేము చెప్పబనిలేదు. షరతులు వ్రాయువాడు యజమాని. కిరాయిదారుని వంతు చేవ్రాలు మాత్రమే. ఈ సొమ్ము కూడకయే గదా మనవారు పలువురు తిరువళ్ళూరు, తిరుత్తణి వైపులకు బోయి, రేయింబవళ్ళు రైళ్ళపాలగుచున్నారు? శాసనసభవా రా మినహాయింపును వెంటనే తొలగింపవలెను.