ఈ లెక్కలో మా అమ్మ ఎక్కడ?

ఈమధ్య మన కాలేజీలో ఎక్కడ విన్నా ‘బిగ్ డేటా’ మాటే. ఎకనామిక్స్ మిత్రులైతే ఇక ఊళ్లు తిరగనక్కర్లేదు, జనం గుట్టంతా సెల్‌ఫోన్లే చెప్పేస్తాయంటున్నారు. నేను బి.యస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతున్నాను, కౌలు రైతు కొడుకుని. ఏవిధంగా చూసినా నాకీ మాట మింగుడుపడలేదు.

మా ఇంట్లో రెండు సిమ్ములూ మా నాన్న పేరునే ఉన్నాయి. ఒకటి వాడేది నేను. అంటే కంపెనీ కంప్యూటరు దృష్టిలో యాభయ్యేళ్ల రైతొకడు అర్ధరాత్రిదాకా క్రికెట్టు చూసి, తెల్లారి కాలిక్యులస్ పాఠాలు వింటున్నాడన్నమాట! మా అమ్మకి ఫోనే లేదు. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, అప్పులవాళ్లకి సమాధానం చెప్పేదీ ఆవిడే. ఆ లెక్కలో ఆవిడ పుట్టనేలేదు.

కుప్ప పెద్దదైతే చాలా? 1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటిమందికి కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని లాండన్ గెలుస్తాడని చాటింది. గెలిచింది రూజ్‌వెల్ట్! చిరునామాలు చాలామటుకు టెలిఫోను డైరెక్టరీలనుంచీ, కార్ల రిజిస్ట్రేషన్లనుంచీ తీసినవి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ, కారూ ఉన్నదెవరికో వేరే చెప్పాలా? పైగా జవాబిచ్చినవాళ్లు నాలుగోవంతు కూడా లేరు. గూగుల్ వాళ్లూ అంతే. జనం వెతికే మాటల్నిబట్టి ఫ్లూ జ్వరాలు లెక్కకట్టడం 2008లో మొదలెట్టారు. 2012-13 శీతకాలంలో అది అసలు లెక్కకి రెట్టింపు దాటింది. 2015లో ఆ అంచనాలు ప్రకటించడం మానేశారు.

అలాగని కొట్టిపారెయ్యను. రువాండాలో 15 లక్షల ఫోన్ల రికార్డులతో పేదరికపు పటం గీసి 2015లో ప్రచురించారు. గొప్ప పనే. కాని దానికి ముందు 856 మందికి ఫోను చేసి, మీకేముంది, ఏం లేదు అని నోటితో అడిగారు. ఆ 856 మంది లేకపోతే 15 లక్షలూ వట్టి అంకెలే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. నీళ్లు అన్ని మెతుకులకీ అందాయి గనుక ఆ ఒక్కటీ చాలు. ఫోన్లు అందరికీ అలా అందాయా? పొలం కాగితాలదీ ఇదే కథ. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకి వెళ్లింది గాని దున్నే కౌలుదారుకి కాదు. కాగితంలో పేరు లేనివాడు ఏ కంప్యూటరుకి కనపడతాడు?

ఈ వేసవి సెలవుల్లో మా ఊళ్లో కౌలు ఇళ్లన్నీ తిరిగి, ఆడవాళ్లని కూడా అడిగి రాసుకుందామనుకుంటున్నాను. ఎకనామిక్స్ మిత్రులెవరైనా వస్తానంటే భోజనం మా ఇంట్లోనే. సైకిలు మాత్రం ఒక్కటే ఉంది.